గైడును ఎంచుకోవడానికి హెచ్-ఇండెక్స్ చాలుతుందా?

ప్రశ్న: నానో పదార్థాలపై పీహెచ్‌డీ చేయాలనుకుంటున్నాను. నేను అనుకుంటున్న ఇద్దరు ఆచార్యులలో ఒకరికి వందల పత్రాలు, 60 దాటిన హెచ్-ఇండెక్స్ ఉన్నాయి. రెండవవారికి పత్రాలు తక్కువ, హెచ్-ఇండెక్స్ 22. ఈ అంకెలను బట్టి నిర్ణయం తీసుకోవచ్చునా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ఈ అంకెలు చెప్పేది, ఆ ఆచార్యుల పత్రాలను ఇతర పరిశోధకులు ఎంతగా ప్రస్తావించారన్న ఒక్క సంగతే. ఆ పని ఎంత కొత్తది, ఎంత నిక్కమైనది, అందులో ఆయన సొంత పాలు ఎంత అన్నవి తెలియాలంటే పత్రాలు తెరిచి చదవవలసిందే.

హెచ్-ఇండెక్స్‌ను 2005లో అమెరికా భౌతిక శాస్త్రవేత్త హోర్హే హిర్ష్ ప్రతిపాదించారు. కనీసం 60 సైటేషన్ల (ఇతరుల పత్రాలలో ప్రస్తావనల) చొప్పున వచ్చిన పత్రాలు 60 ఉంటే ఆ సూచి 60 అవుతుంది. పదే పత్రాలు రాసి, ఒక్కొక్కదానికి వేయి సైటేషన్లు పొందినవారికి కూడా అది 10 దగ్గరే ఆగిపోతుంది. పైగా అది ఏళ్లు గడిచేకొద్దీ పెరుగుతుందే గాని తగ్గదు కనుక, మీరు చెప్పిన ఇద్దరి సర్వీసులో తేడా ఎంతో ముందుగా చూడండి.

ఇక నానో రంగంలో సైటేషన్లు ఎటు పోగవుతాయో కార్బన్ నానోట్యూబుల (అతి సన్నని కార్బన్ గొట్టాల) చరిత్ర చూస్తే తెలుస్తుంది. 1991లో జపాన్‌లోని సుకుబాలో, ఎన్ఈసీ సంస్థ పరిశోధకుడు సుమియో ఇజిమా ఒకదానిలో ఒకటి ఇమిడిన కార్బన్ గొట్టాలను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూసి ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు. వేలాది పరిశోధకులు ఆ పత్రాన్ని ఉదహరించారు. అయితే లోపల బోలుగా ఉన్న కార్బన్ గొట్టాల చిత్రాలను రదుష్కెవిచ్, లుక్యనోవిచ్ అనే సోవియట్ శాస్త్రవేత్తలు 1952లోనే రష్యన్ భాషా పత్రికలో ప్రచురించి ఉన్నారు. ఆ పత్రం పాశ్చాత్య ప్రయోగశాలల కంట పడలేదు. అప్పటికి ఆ గొట్టాలతో ఏం చేయవచ్చో ఆలోచించే రంగమూ పుట్టలేదు. ఇజిమా పత్రం ఫుల్లరీన్లపై (బంతుల వంటి బోలు కార్బన్ అణువులపై) ఉత్సాహం ఉరకలేస్తున్న వేళ వచ్చింది, గొట్టాల గోడల అమరికను స్పష్టంగా వివరించింది. ఆయనకు దక్కిన పేరు న్యాయమైనదే. కాని ఎవరు ముందు చూశారన్న విషయాన్ని సైటేషన్ల పట్టిక చెప్పలేకపోయింది.

ఇతరుల పరిశోధనలను ఒకచోట కూర్చి వివరించే సమీక్షా వ్యాసాల సంగతి కూడా గమనించండి. గ్రాఫైట్ నుంచి గ్రాఫీన్‌ను, అంటే ఒక్క పరమాణువు మందం గల కార్బన్ పొరను, వేరుచేసి కొలిచిన ఆంద్రే గైమ్, కాన్‌స్టాంటిన్ నొవొసెలోవ్‌ల బృందం 2004లో ప్రచురించిన పత్రం జగత్ప్రసిద్ధం. 2007లో ఆ ఇద్దరూ రాసిన సమీక్షా వ్యాసానికి కూడా దానికి దీటుగా సైటేషన్లు వచ్చాయి. కొత్త ప్రయోగం లేకపోయినా, తరువాతివారు తమ ఉపోద్ఘాతంలో పేర్కొనడానికి అనువుగా ఉండడంతో సమీక్షలకు సైటేషన్లు సులువుగా చేరతాయి. సమీక్షలు రాయడం ఎంతో విలువైన పనే, కాని దాన్ని ప్రయోగశాల బలంగా లెక్కించకూడదు.

పత్రాల సంఖ్యను చూసి మురిసిపోవడం మరీ ప్రమాదకరం. అణువులతో ట్రాన్సిస్టర్లు తయారుచేశానన్న అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనా సంస్థకు చెందిన యాన్ హెండ్రిక్ షోన్ పేరుతో 2001లో సగటున ఎనిమిది రోజులకు ఒక పత్రం వెలువడింది. వేర్వేరు ఉష్ణోగ్రతల వద్ద చేసినట్టు చెప్పిన రెండు ప్రయోగాల గ్రాఫులలో, కొలతల్లో యాదృచ్ఛికంగా కలిసే చిన్న చిన్న ఒడిదుడుకులు అచ్చుగుద్దినట్టు ఒకే రకంగా ఉన్నాయని ఇతర శాస్త్రవేత్తలు పట్టుకున్నారు. 2002లో విచారణ సంఘం ఆయన డేటాను కల్పించారని తేల్చింది. ‘సైన్స్’, ‘నేచర్’ పత్రికలు ఆయన పత్రాలను ఉపసంహరించాయి. మోసాన్ని బయటపెట్టింది గ్రాఫులను శ్రద్ధగా చూసిన కళ్లే.

కాబట్టి ఇద్దరి పత్రాలలోనూ ఎక్కువ సైటేషన్లు వచ్చిన ఐదేసి తీసుకోండి. వాటిలో సమీక్షలెన్ని, ఆ ఆచార్యులు పనిని నడిపించినవి ఎన్ని, రచయితల జాబితాలో ఒక పేరుగా మాత్రమే ఉన్నవి ఎన్ని అని విడదీయండి. తరువాత, వాటిని ఉదహరించినవారు ఆ పద్ధతితో పదార్థాన్ని తిరిగి తయారుచేశారా, లేక ఉపోద్ఘాతంలో పేరు చెప్పి వదిలేశారా చూడండి. ఈ పరీక్షలో 22 ఉన్న ఆచార్యులే నెగ్గితే నిస్సంకోచంగా ఆయన దగ్గర చేరండి. చేరేముందు మాత్రం అక్కడి విద్యార్థులను కలిసి, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిపై పనిచేసే అవకాశం నెలకు ఎన్నిసార్లు దొరుకుతోందో, థీసిస్ సమర్పించడానికి ఎన్నేళ్లు పడుతోందో అడిగి తెలుసుకోండి.