పూల మొక్కకు హద్దు ఎవరు గీశారు?

ప్రశ్న: మా అబ్బాయి డిగ్రీలో బోటనీ చదువుతున్నాడు. ఏ పూల మొక్క ఎక్కడ పెరుగుతుందో చూసి దేశాన్ని ప్రాంతాలుగా విడగొడతారట. గాలికి ఎటైనా పోయే విత్తనానికి హద్దేంటి? ఆ మ్యాపుతో అడవికి ఒరిగేదేంటి?
– ఓ పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: విత్తనం పోతుందమ్మా, పడిన చోటల్లా బతకదు. ఎర్రచందనం కాయకు చుట్టూ రెక్క ఉంటుంది, గాలికి ఎగురుతుంది, అయినా అది తనంతట తాను అడవిగా పెరిగేది ప్రపంచం మొత్తమ్మీద మన శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండలు, వాటి చుట్టుపక్కలే. తెల్లకరక, కొండ సాంబ్రాణి కూడా దాదాపు ఈ కొండలవే. ఇలా వేరేచోట దొరకని మొక్కలు ఒకేచోట పోగుపడితే దాన్ని విడి ప్రాంతంగా గుర్తిస్తారు.

పని ఎలా చేస్తారంటే, మ్యాపును గళ్లుగా విడగొట్టి, ఎండబెట్టి దాచిన పాత నమూనాల్లోంచీ కొండలెక్కి చూసిన లెక్కల్లోంచీ ఒక్కో గడిలో ఏమున్నాయో రాసుకుంటారు, ఒకే రకం మొక్కలు ఎక్కువగా ఉన్న గళ్లను ఒక గుంపు చేస్తారు. ఇక్కడొక చిక్కుంది. మొక్కలు సేకరించేవాళ్లు ఎక్కువగా ఘాట్ రోడ్ల పక్కన, గుళ్ల దారుల్లోనే తిరుగుతారు, కాబట్టి ఖాళీ గడి కనిపిస్తే అక్కడ మొక్కల్లేవని అనుకోకూడదు, ఎవరూ వెళ్లలేదేమో చూడాలి.

1904లో హూకర్ అనే బ్రిటిష్ వృక్షశాస్త్రవేత్త బ్రిటిష్ ఇండియాను 9 వృక్ష ప్రాంతాలుగా విడగొట్టినప్పుడు మన కడప కొండలూ అనంతపురం మెట్ట నేలలూ కలిసి దక్కన్ అనే ఒక్క ప్రాంతంలోకే వెళ్లాయి. దేశాన్ని అర్థం చేసుకోడానికి అది చాలు, కాపాడటానికి మాత్రం చాలదు. ఏ కొండ పోతే ఏ మొక్క భూమ్మీదే లేకుండా పోతుందో తెలియాలంటే ఇంకా సన్నగా గీయాలి. జిల్లా హద్దులూ పనికిరావు, అందుకే 2010లో ప్రకటించిన శేషాచలం బయోస్ఫియర్ రిజర్వు (జీవావరణ రక్షిత ప్రాంతం) అప్పటి చిత్తూరు, కడప రెండు జిల్లాల్లోనూ పరుచుకుంది.

నాకు బాధ కలిగించేది ఇంకొకటి. కొండ కింద ముళ్లపొదలు కనిపిస్తే బీడు అనుకుని గుంతలు తవ్వి మొక్కలు నాటేస్తాం. ఇక లేదనుకున్న కలివికోడి అనే పక్షి 1986లో మళ్లీ కనిపించింది లంకమల దగ్గర అలాంటి పొదల్లోనే! అదీ ఒక ప్రాంతమే, దాని మొక్కలు దానికున్నాయి.

మీ అబ్బాయిని కొండకెళ్లినప్పుడల్లా పూసిన మొక్కకు ఆకు, పువ్వు, కాయ ఫొటోలు తీసి, తేదీ, చోటు రాసుకోమనండి, వాళ్ల లెక్చరర్‌కి చూపించమనండి. ఎర్రచందనం ఉన్న చోటు మాత్రం వాట్సాప్‌లో పెట్టొద్దని గట్టిగా చెప్పండి.