టెక్ సందేహాలు: కథల యాప్‌కు మీ మెసేజ్‌లతో పనేమిటి?

ప్రశ్న: మా ఆరేళ్ల పాపతో తెలుగు, ఇంగ్లీషు కథలు చదివించాలని, తెలిసినవారు పంపిన లింకు నుంచి ఒక ఉచిత కథల యాప్ వేసుకున్నాను. కాంటాక్టులు, మెసేజ్‌లు, యాక్సెసిబిలిటీ అనుమతులు అడుగుతోంది. ఇవ్వకపోతే కథ తెరుచుకోవడం లేదు. పైగా తెలుగు ఒత్తులు విడిపోయి కనిపిస్తున్నాయి. ఏం చేయాలి?

జవాబు: తీసేయండి. ఇలాంటి ఉత్తరాలు వరసగా వస్తూనే ఉన్నాయి. యాప్ పేరు మారుతుంది, కథ అదే.

పాప గట్టిగా చదువుతుంటే విని తప్పులు దిద్దే యాప్ మైకు అడిగిందంటే అర్థముంది. మెసేజ్‌లు ఎందుకు? బ్యాంకు ఓటీపీ వచ్చేది అక్కడికే. వీటన్నిటికంటే నన్ను భయపెట్టేది యాక్సెసిబిలిటీ. తెర మీద ఉన్నది చదివి వినిపించడానికి, మీటలు నొక్కలేనివారి తరఫున నొక్కడానికి పెట్టిన సదుపాయమది. దొంగ యాప్ చేతికి చిక్కితే అదే పని మీ బ్యాంకు ఖాతా మీద చేస్తుంది, మీరు నిద్రలో ఉన్నా సరే. ఇప్పటికే ఇచ్చి ఉంటే ముందు సెట్టింగుల్లో ఆ అనుమతి ఆపండి, తరవాతే యాప్ తొలగించండి. అనుమతి ఉన్నంతసేపూ కొన్ని యాప్‌లు తమను తొలగించనివ్వవు. ఆపైన బ్యాంకు పాస్‌వర్డు, పిన్ వేరే ఫోను నుంచి మార్చుకోండి. లింకు పంపినవారు మంచివారే కావచ్చు. వాళ్లకు పంపినవారెవరో మీకు తెలుసా?

అసలు బొమ్మల కథ చదవడానికి యాప్ ఎందుకు? పిల్లల పుస్తకాలు ప్రచురించే ప్రథమ్ బుక్స్ సంస్థ 2015 సెప్టెంబరు 8న మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైటులో కథలు బ్రౌజర్‌లోనే తెరుచుకుంటాయి. అవి క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ఉన్న కథలు. రచయిత, చిత్రకారుల పేర్లు, లైసెన్సు వివరం ఉంచితే అచ్చు వేసుకోవచ్చు, అనువదించుకోవచ్చు. చాలా కథలు అవే బొమ్మలతో వేరే భాషల్లోనూ ఉంటాయి. మీకు కావలసింది సరిగ్గా అదే. ఖాతా తెరవాల్సి వస్తే పాప పేరుతో కాకుండా మీ పేరుతో తెరవండి.

ఇక ఒత్తులు. మా బంధువుల పిల్లవాడు ఈమధ్య నోటుపుస్తకంలో 'అమ్ మ' అని రాశాడు. దిద్దబోతే ట్యాబ్ తెచ్చి చూపించాడు. అందులోనూ అలాగే ఉంది! 'అమ్మ' అన్న మాట కంప్యూటర్లో అ, మ, పొల్లు, మ అని నాలుగు సంకేతాలుగా ఉంటుంది. చివరి 'మ'ను ఒత్తుగా మార్చి కింద చేర్చవలసింది సాఫ్ట్‌వేర్, ఫాంటు కలిసి. ప్రపంచ భాషల అక్షరాలకు ఇలాంటి సంకేతాలు కేటాయించే ప్రమాణం యూనికోడ్. అందులో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. ఇన్నేళ్లయినా, అదీ అక్షరాలు నేర్పే యాప్‌లోనే, ఒత్తు జారిపోతోందంటే తయారుచేసినవారిలో ఒక్కరైనా తెలుగు పేజీ తెరిచి చూశారా అని నా అనుమానం. ఫోను భాష ఇంగ్లీషులో ఉందని తెలుగు కథలను ఐదు మెనూల అడుగున దాచే యాప్‌లు మరో రకం. రెండు భాషలు అంటారు, రెండోదాన్ని వెతుక్కోమంటారు.

ప్రస్తుతానికి స్టోరీవీవర్ కథల పీడీఎఫ్ దించుకోండి. సాధారణంగా ఫాంటు అందులోనే పొదిగి ఉంటుంది కనుక ఒత్తు చెదరదు, నెట్ లేకపోయినా పుస్తకం తెరుచుకుంటుంది. ఫోను చేత చదివించబోతే మాత్రం ఒక్కోసారి తెలుగు తికమకగా వినిపిస్తుంది. ఆ చదవడమేదో మీరే చదివి వినిపించండి.