టీబీ రోగిని ఇంట్లోనే ఉంచి మందులు వాడొచ్చా?

మీ తమ్ముడికి ఊపిరితిత్తుల టీబీ అని తేలితే మందులిచ్చి ఇంటికి పంపేశారని, మీ అమ్మగారేమో "మా రోజుల్లో మదనపల్లె పంపేవాళ్లు" అని బెంగపడుతున్నారని రాశారు. ఇంట్లో ఉంచడం తప్పు కాదండీ. ఆ సంగతి రుజువైంది మన పక్కన మద్రాసులోనే.

అమ్మగారి మాటా నిజమే. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానటోరియం, అంటే టీబీ రోగుల్ని చాలాకాలం ఉంచుకుని చూసే ఆసుపత్రి, 1915లో మొదలైంది. అప్పటికి ఈ జబ్బుకి మందు లేదు. మంచి గాలి, విశ్రాంతి, తిండి, అదే వైద్యం. రోగులు లక్షల్లో ఉంటే ఆ పడకలు ఏ మూలకి? మందులు వచ్చాక, 1956లో మద్రాసు చెట్‌పట్‌లో ఒక పరిశోధన కేంద్రం పెట్టారు. పేద రోగుల్లో కొందరిని శానటోరియంలో, కొందరిని వాళ్ల ఇళ్లలోనే ఉంచి, అందరికీ ఒకే మందులు ఏడాది పాటు ఇచ్చారు. 1959లో ఫలితాలు వచ్చాయి. ఇరుకు ఇళ్లలో, అరకొర తిండితో ఉన్నవాళ్లకూ దాదాపు అంత బాగానూ తగ్గింది. ఇంట్లోవాళ్లకి అంటుకోవడమూ ఎక్కువ కాలేదు. ఆ తర్వాతే శానటోరియంల కాలం చెల్లిపోయింది, మన దగ్గరే కాదు, ప్రపంచమంతా. 1962లో మొదలైన జాతీయ టీబీ కార్యక్రమానికీ రోగిని ఇంట్లో ఉంచి మందులివ్వడమే ఆధారం.

తేడా వచ్చింది ఇంకోచోట. మందులిచ్చారు గానీ, చివరిదాకా వాడుతున్నారా లేదా అని వెనకాల పడి చూసేవాళ్లు లేరు. 1992లో సమీక్షిస్తే, వైద్యం పూర్తిచేసేవాళ్లు సగం మంది కూడా లేరని తేలింది. అందుకే 1997 నుంచి డాట్స్ పద్ధతి, అంటే ఎవరో ఒకరు దగ్గరుండి మందు మింగించే పద్ధతి, తెచ్చారు, 2006కి దేశమంతా చేరింది.

నేను అంగన్‌వాడీ టీచర్‌గా ఉంటూ డాట్స్ మందులు మింగించేదాన్ని. ఒక్కో రోగికి ఆర్నెల్లకు సరిపడా మందులు వాళ్ల పేరు రాసిన పెట్టెలో వచ్చేవి, కొత్తవాళ్లకి ఎర్ర పెట్టె. రోజు విడిచి రోజు నా ఎదుటే బిళ్లలు మింగాలి. రాళ్లు కొట్టే పనిచేసే ఒకాయన వారం తిరక్కుండానే కనిపించడం మానేశాడు. ఇంటికెళ్తే, "మూత్రంలో రక్తం పడుతోందక్కా, ఆ మందులు నాకొద్దు" అన్నాడు. అది రక్తం కాదు, టీబీ మందుల్లో ఒకటైన రిఫాంపిసిన్ రంగు. ఆ ముక్క ముందే చెబితే ఆయన అంత భయపడేవాడే కాదు. మీ తమ్ముడికి ఈరోజే చెప్పండి. రెండో నెలకి దగ్గు తగ్గి, ఒళ్లు తేలికపడి, ఇంక మందులెందుకు అనిపిస్తుంది. ఎక్కువమంది జారిపోయేది అక్కడే. క్రిములు మాత్రం ఇంకా లోపలే ఉంటాయి, మధ్యలో ఆపితే మందులకి లొంగకుండా మొండికేస్తాయి.

ఇప్పుడు మందులు రోజూ వేసుకోవాలి, బరువును బట్టి మోతాదు. టీబీ రోగుల వివరాలు రాసుకునే ప్రభుత్వ పోర్టల్ నిక్షయ్‌లో పేరు నమోదై ఉంటే పోషణకని 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇచ్చేవారు, 2024 నవంబరు నుంచి అది 1000 అయింది. చాలదు, నా ఉద్దేశంలో ఇంకా పెంచాలి. జార్ఖండ్‌లో రోగుల కుటుంబాలకి అదనంగా తిండిగింజలు, పప్పు ఇచ్చి చూస్తే, ఆ ఇళ్లలో కొత్తగా టీబీ రావడం బాగా తగ్గిందని 2023లో వెల్లడైంది. పాలో గుడ్డో, తమ్ముడికి ఒక్కడికే కాకుండా ఇంటిల్లిపాదికీ పెట్టండి.

మొదటి కొన్ని వారాలు కిటికీలు తెరిచి ఉంచి, దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోమనండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే వెంటనే చూపించండి, జబ్బు లేకపోయినా రాకుండా మందు ఇస్తారు. కళ్లెకి సీబీనాట్ గానీ ట్రూనాట్ గానీ అనే పరీక్ష చేశారా అని అడగండి, రిఫాంపిసిన్ పనిచేస్తుందో లేదో అందులో తెలుస్తుంది. చేయకపోతే చేయించమని అడగండి, ప్రభుత్వాసుపత్రిలో ఉచితం.