నోటిఫికేషన్ ఆలస్యంగా తెలుస్తోందా? ముందు వెతికే మాటలు మార్చండి

ప్రశ్న: మాది రాజాం. మా అమ్మాయి డీఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ డిప్లొమా) చేసి, పారా మెడికల్ బోర్డులో రిజిస్టర్ అయింది. ల్యాబ్ టెక్నీషియన్ ఉద్యోగాల కోసం రోజూ గూగుల్‌లో వెతుకుతోంది. కోచింగ్ ప్రకటనలు, యూట్యూబ్ వీడియోలు, ఎప్పటివో పాత నోటిఫికేషన్లు తప్ప ఏమీ కనబడవు. అసలుది తెలిసేసరికి గడువు దాటిపోతోంది. ఏం చేయాలి? – ఒక తండ్రి

జవాబు: అమ్మాయి బహుశా ‘ల్యాబ్ టెక్నీషియన్ జాబ్స్ శ్రీకాకుళం’ అని కొడుతూ ఉండాలి. ‘జాబ్స్’ అన్న మాటను శీర్షికల్లో పెట్టుకునేది యూట్యూబ్ ఛానెళ్లూ జాబ్ పోర్టళ్లూ. ప్రభుత్వ కాగితం మీద ఉండేవి ‘నోటిఫికేషన్’, ‘కాంట్రాక్ట్ బేసిస్’, ‘ల్యాబ్ టెక్నీషియన్ గ్రేడ్-2’ వంటి మాటలు. వాటితోనే వెతకాలి.

జిల్లా సంగతి ఒకటుంది. 2022 ఏప్రిల్ 4న రాజాం శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాలోకి వచ్చింది. స్థానికతను ఏ జిల్లా ప్రకారం లెక్కిస్తారో నోటిఫికేషన్ చూస్తేనే తెలుస్తుంది కాబట్టి రెండు జిల్లాల పేర్లతోనూ విడివిడిగా వెతకండి. ఇంగ్లిష్‌లో విజయనగరం అధికారిక స్పెల్లింగులో ‘జెడ్’ ఉంటుంది. ‘జె’తో కొడితే హంపి ఉన్న కర్ణాటక విజయనగర జిల్లా ఫలితాలు కలిసిపోతాయి.

ఇప్పుడు కొట్టవలసిన వరుస ఇది. ఇక్కడ తెలుగులో ఇస్తున్నాం గానీ సెర్చ్ బాక్సులో అంతా ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉండాలి:

సైట్:గవ్.ఇన్ "ల్యాబ్ టెక్నీషియన్" విజయనగరం ఫైల్‌టైప్:పీడీఎఫ్

మొదటి ముక్క వెతుకులాటను గవ్.ఇన్‌తో ముగిసే వెబ్‌సైట్లకే కట్టేస్తుంది. ఆ చిరునామాలు ప్రభుత్వ సంస్థలకే ఇస్తారు, అందుకే ప్రకటనల గోల ఇక్కడే చాలావరకు పోతుంది. డబుల్ కోట్స్‌లో పెట్టిన మాటలు అదే వరుసలో ఉన్న పేజీలే వస్తాయి. చివరిది పీడీఎఫ్‌లను మాత్రమే చూపిస్తుంది. కోలన్ తరవాత ఖాళీ ఉండకూడదు. ఫోన్‌లో ఎక్కువమంది తప్పేది ఇక్కడే: కీబోర్డు సూచించిన మాటను నొక్కితే దాని వెనక ఖాళీ దానంతటదే చేరుతుంది, ఆపరేటర్ (సైట్, ఫైల్‌టైప్ వంటి ఆదేశం) కాస్తా మామూలు మాటైపోతుంది.

సైట్ దగ్గర విజయనగరం.ఏపీ.గవ్.ఇన్ అని పెడితే ఇంకా సూటిగా ఉంటుందనిపిస్తుంది. నిజానికి పీడీఎఫ్‌లు తప్పిపోయేది అప్పుడే. జిల్లా వెబ్‌సైట్లలోని నోటీసుల పీడీఎఫ్‌లు చాలావరకు సీడీఎన్.ఎస్3వాస్.గవ్.ఇన్ అనే వేరే చిరునామాలో ఉంటాయి. అందుకే పీడీఎఫ్ కావాలంటే గవ్.ఇన్ వరకే రాయండి. జిల్లా చిరునామా వాడితే ఫైల్‌టైప్ తీసేయండి.

ఏమీ రాకపోతే షరతులు ఒక్కొక్కటే సడలించండి. ముందు ఫైల్‌టైప్, తరవాత కోట్స్ తీసేయండి. సైట్ మాత్రం చివరిదాకా ఉంచండి. పోస్టు పేరు రెండు రకాలుగా రాస్తారనిపిస్తే మధ్యలో ‘ఆర్’ (OR) అన్న ఇంగ్లిష్ మాటను పెద్ద అక్షరాల్లో పెట్టాలి, చిన్న అక్షరాల్లో పెడితే పనిచేయదు. ఆరోగ్య శాఖలో డీఎంహెచ్‌వో (జిల్లా వైద్య ఆరోగ్యాధికారి), డీసీహెచ్‌ఎస్ (జిల్లా ఆసుపత్రి సేవల సమన్వయకర్త), ప్రభుత్వ వైద్య కళాశాల ఎవరి నోటిఫికేషన్ వాళ్లే ఇస్తుంటారు, కాబట్టి ఆ పేర్లు మార్చి మార్చి చూడండి.

పాతవి రాకుండా చివర ఆఫ్టర్:2025-01-01 అని చేర్చవచ్చు (ఏడాది, నెల, తేదీ ఇదే వరుస). ఆ తేదీ గూగుల్ అంచనా వేసుకున్నది, ఒక్కోసారి తప్పుతుంది. పీడీఎఫ్ తెరిచి మొదటి పేజీలోని తేదీ చూశాకే దరఖాస్తు మాట. తెలుగు ప్రకటనలకు ఇంకో చిక్కుంది. కంప్యూటర్ తెలుగుగా గుర్తించని పాత తరహా అను ఫాంట్లలో టైపు చేసినవీ, మసకగా స్కాన్ చేసినవీ తెలుగు మాటలతో వెతికితే సాధారణంగా దొరకవు.

గడువు వారం పది రోజులే ఉండే కాంట్రాక్ట్ పోస్టులకు గూగుల్ ఒక్కటే చాలదు. కొత్త పేజీ సెర్చ్‌లోకి ఎక్కడానికే కొన్ని రోజులు పట్టవచ్చు. రెండు జిల్లాల వెబ్‌సైట్లలో నోటీసుల కింద ఉండే రిక్రూట్‌మెంట్ పేజీలను బుక్‌మార్క్ చేసి వారానికి రెండు మూడుసార్లు నేరుగా తెరవాలి. పై వరుసనే గూగుల్ అలర్ట్స్‌లో పెడితే కొత్తవి మెయిల్‌కు వస్తాయి, కానీ దాన్నే నమ్ముకోవద్దు.

వాట్సాప్‌లో వచ్చే లింకుల విషయంలో, చిరునామాలో ఎక్కడో ‘గవ్’ ఉంటే సరిపోదు. హెచ్‌టీటీపీఎస్ పక్కనున్న రెండు స్లాష్‌లు (//) దాటాక వచ్చే మొదటి స్లాష్‌కు (/) ముందు, ‘గవ్’ ముందరి చుక్కతో సహా .గవ్.ఇన్‌తో ముగియాలి. అలా లేనివన్నీ దొంగవని కాదు, బ్యాంకు పరీక్షలు జరిపే ఐబీపీఎస్‌కు గవ్.ఇన్ లేదు. కానీ గవ్.ఇన్ కాని చోట ఫీజు కట్టేముందు సంబంధిత కార్యాలయంలో అడగండి.

మీకు విసుగు తెప్పిస్తున్న పాత నోటిఫికేషన్లలో ఒకటి రెండు మాత్రం దాచుకోండి. ఆఫ్టర్ బదులు బిఫోర్ పెడితే అవే వస్తాయి. పరీక్ష మార్కులకు ఎంత, పాసైన ఏడాదులకు ఎంత, కాంట్రాక్ట్ సర్వీసుకు ఎంత వెయిటేజీ ఇచ్చారో, ఏయే సర్టిఫికెట్లు జత చేయమన్నారో అందులో ఉంటుంది. స్టడీ సర్టిఫికెట్లు, కులధ్రువీకరణ వంటివి ఆ జాబితా చూసి ఇప్పుడే తెచ్చిపెట్టుకోవచ్చు.