అమైన్ ఎక్కించాక ఉపరితలం తగ్గితే నష్టమేనా?

ప్రశ్న: మెగ్నీషియం డీఓబీపీడీసీ మాఫ్‌కి (లోహం, కర్బన అణువులు అల్లుకున్న రంధ్రాల పదార్థం) డైమిథైల్ ఇథిలీన్‌డయమీన్ అనే రెండు అమైన్ కొనలున్న అణువును ఎక్కించాను. నైట్రోజన్‌తో కొలిచే బీఈటీ ఉపరితలం ఘోరంగా పడిపోయింది. 1 బార్ దగ్గర కార్బన్ డయాక్సైడ్ కూడా ముడి మాఫ్ కంటే తక్కువే పట్టింది. ఎక్కడ తప్పాను?
– ఎంఎస్సీ విద్యార్థిని, వరంగల్

జవాబు: ఈ రెండు అంకెలను బట్టి తప్పు జరిగిందని చెప్పలేం. రంధ్రాల్లో అమైన్ కూర్చున్నాక నైట్రోజన్‌కి చోటు తగ్గడం సహజం. 1 బార్ దగ్గర పోల్చడమే సరికాదు. బొగ్గు కేంద్రం పొగలో కార్బన్ డయాక్సైడ్ వాటా 15 శాతం లోపే, అంటే 0.15 బార్. అక్కడ పోల్చండి. 2012లో అమెరికాలోని బర్కిలీకి చెందిన జెఫ్రీ లాంగ్ బృందం ఇదే పదార్థంతో 40 డిగ్రీల వద్ద, 0.15 బార్ దగ్గర గ్రాముకు 3.14 మిల్లీమోల్ పట్టించింది.

అసలు చూడాల్సింది ఐసోథర్మ్ (ఒకే ఉష్ణోగ్రతలో పీడనం పెరిగేకొద్దీ ఎంత వాయువు పట్టిందో చూపే గీత) ఆకారం. డయమీన్ ఒక కొన మెగ్నీషియాన్ని పట్టుకుంటుంది. కార్బన్ డయాక్సైడ్ ఆ బంధం మధ్యలోకి దూరి, అమైన్‌తో రసాయన బంధం కట్టి కార్బమేట్ అవుతుంది. ఒకటి దూరితే పక్కదానికీ దారి సులువవుతుంది. అందుకే గీత ఒక్కసారిగా నిలువుగా లేస్తుంది. మీ గీతలో ఆ మెట్టు లేకపోతే అప్పుడు అనుమానించండి.

ముందు లెక్క సరిచూడండి. గ్రాము ముడి మాఫ్‌లో 6.3 మిల్లీమోల్ మెగ్నీషియం ఉంటుంది. ఒక్కోదానికి ఒక డయమీన్ చొప్పున ఎక్కితే బరువు సుమారు 1.55 గ్రాములవుతుంది. ఆ పదార్థం సిద్ధాంతం ప్రకారం గ్రాముకు 4 మిల్లీమోల్ పట్టాలి. కొద్ది పొడిని డ్యుటీరియం ఆమ్లంలో కరిగించి ప్రోటాన్ ఎన్‌ఎంఆర్ (అణువుల్లోని హైడ్రోజన్‌లను లెక్కించే పరీక్ష) తీస్తే ఒక్కో మెగ్నీషియానికి ఎన్ని డయమీన్‌లు ఎక్కాయన్న నిష్పత్తి తేలిపోతుంది.

నిష్పత్తి 1 కంటే బాగా తక్కువైతే మాఫ్ తయారీలో వాడిన ద్రావకం డీఎంఎఫ్ మిగిలి ఉండొచ్చు. అది మెగ్నీషియాన్ని వదలకపోతే డయమీన్‌కి చోటెక్కడిది? మిథనాల్ మారుస్తూ రోజుల తరబడి నానబెట్టి, ఆపై వాక్యూమ్‌లో వేడిచేసి పూర్తిగా ఖాళీ చేయాలి. టొలూయీన్, డయమీన్ రెండూ తేమ లేనివై ఉండాలి, ఎందుకంటే నీళ్లూ ఆ స్థానం కోసమే పోటీ పడతాయి. నిష్పత్తి 1 దాటితే అదనపు అమైన్ రంధ్రాల్లో వేలాడుతోంది. టొలూయీన్‌తో కడిగి, నైట్రోజన్ ప్రవాహంలో 130 డిగ్రీల దగ్గర అరగంట ఉంచండి. అంతకు మించి వేడిచేస్తే కట్టుకున్న డయమీన్ కూడా ఎగిరిపోవచ్చు. చల్లారకుండా గాలి తగలనివ్వకండి, అమైన్ ఆక్సీకరణ చెందుతుంది.

ప్రశ్న: అమైన్ కావాలంటే యూఐఓ-66-ఎన్‌హెచ్2 అనే మాఫ్ చాలదా? చేయడం తేలిక కదా.
– పరిశోధక విద్యార్థి, తిరుపతి

జవాబు: చాలదు. అక్కడ అమైన్ బెంజీన్ వలయానికి అంటుకుని ఉంది. దాని ఎలక్ట్రాన్ జంట వలయంలోకి లాగబడుతుంది కనుక క్షారగుణం తక్కువ, కార్బమేట్ కట్టదు. భౌతిక ఆకర్షణ కాస్త పెరుగుతుంది, అంతే. నీటిని తట్టుకోవడం మాత్రం దాని నిజమైన బలం. రసాయనికంగా పట్టించాలంటే బెంజీన్ వలయానికి కాక మామూలు కర్బన గొలుసుకు అంటిన ఆల్కైల్ అమైన్ కావాలి. ఎంఐఎల్-101 అనే మరో మాఫ్‌లో తక్కువ అణుభారం ఉన్న పాలీఇథిలీన్ఇమైన్‌ను (అమైన్‌లు నిండిన పాలిమర్) మిథనాల్‌లో కలిపి ఎక్కించడం ఒక మార్గం. దాన్ని అతిగా పోస్తే రంధ్రాల మూతులు మూసుకుపోతాయి, వాయువు లోపలికి చేరడానికి గంటలు పడుతుంది. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, పెంచిన ప్రతిసారీ పట్టే పరిమాణంతో పాటు పట్టే వేగాన్నీ కొలవండి.