4294967297 ప్రధాన సంఖ్యేనా? పైథాన్‌లో ఫెర్మా పరీక్ష "అవును" అంటోంది, స్నేహితుడి సీ ప్రోగ్రాం "కాదు" అంటోంది

కాదండీ, సంయుక్త సంఖ్యే: 641 × 6700417. మీ పైథాన్ కోడ్‌లో తప్పేమీ లేదు. ఫెర్మా పరీక్షలో ఒక ఆధార సంఖ్య మీద n − 1 ఘాతం వేసి nతో భాగిస్తాం, శేషం 1 వస్తే n ప్రధానమని అనుకుంటాం. 2ను ఆధారంగా తీసుకుంటే ఆ పరీక్షే ఈ సంఖ్య దగ్గర బోల్తా పడుతుంది.

ఇది 2³² + 1. 2 మీద 2ⁿను ఘాతంగా వేసి 1 కలిపితే వచ్చేవి ఫెర్మా సంఖ్యలు (Fₙ); సున్నా నుంచి లెక్కపెడితే ఇది ఐదోది, F₅. దీనితో భాగిస్తే 2³²కి శేషం −1, కాబట్టి 2⁶⁴కి శేషం 1. పరీక్షలో 2 మీద వేసే ఘాతం 2³², అది 64కి గుణిజమే. ఇక శేషం 1 రాక ఏమవుతుంది? ఇంతకంటే గట్టిదైన మిల్లర్-రాబిన్ పరీక్ష కూడా 2తో చేస్తే ఇక్కడ పట్టుకోలేదు. ఆధారం 3 పెట్టండి, దొరికిపోతుంది.

ఇలాంటి సంఖ్యలన్నీ ప్రధానాలేనని ఫెర్మా నమ్మాడు. 641 అనే కారణాంకాన్ని 1732లో ఆయిలర్ చూపించాడు. కాగితం మీద మీరూ పట్టుకోవచ్చు. F₅ను భాగించే ఏ ప్రధాన సంఖ్యైనా 128k + 1 రూపంలోనే ఉండాలి (ఈ నియమం గణితవేత్త లూకాది, ఆయిలర్ చేతిలో ఉన్నది 64k + 1). వరసగా రాస్తే 129, 257, 385, 513, 641. వీటిలో ప్రధానాలు 257, 641 మాత్రమే. 257 అంటే F₃. ఏ రెండు ఫెర్మా సంఖ్యలకూ 1 తప్ప ఉమ్మడి కారణాంకం ఉండదు కాబట్టి దాన్ని వదిలేయొచ్చు. అంటే మొదటి భాగహారంలోనే పని అయిపోతుంది!

6700417 సంగతి కూడా తేల్చాలి, చాలామంది ఇక్కడ ఆపేస్తారు. దాని వర్గమూలం సుమారు 2588. అంతలోపు అదే రూపంలో ఉన్న ప్రధానాలు 257, 641, 769, 1153, 1409. శేషాలు వరసగా 170, 44, 120, 334, 622. ఏదీ సున్నా కాదు, కాబట్టి అది ప్రధానమే.

మిగతా లక్షణాలు ఇక తేలిక. భాజకాలు నాలుగే, మొత్తం 4301668356. ఆయిలర్ ఫై విలువ (దీనికంటే చిన్నవై, దీనితో 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేని సంఖ్యలు ఎన్నో చెప్పేది) 640 × 6700416 = 4288266240. రెండు వర్గాల మొత్తంగా రెండు రకాలుగా రాయొచ్చు: 65536² + 1², 62264² + 20449². అసలు ప్రధాన సంఖ్యకైతే ఒక్క రకానికి మించి ఉండదు, కాబట్టి సంయుక్తమని చెప్పడానికి ఇదొక్కటీ చాలు.

ఇక మీ స్నేహితుడి ప్రోగ్రాం. 32 బిట్ల అన్‌సైన్డ్ వేరియబుల్‌లో ఈ సంఖ్య పట్టదు, 1గా మారిపోతుంది. 64 బిట్లు వాడినా గండం తప్పదు. వర్గం చేసుకుంటూ పోతే 2, 4, 16, 256, 65536, 2³² వస్తాయి. ఆ తర్వాతి 2⁶⁴ 64 బిట్లు దాటి సున్నా అవుతుంది. శేషం 1 రాలేదు కాబట్టి "ప్రధానం కాదు" అని చెప్పేస్తుంది. జవాబు సరైనదే, లెక్క మాత్రం తప్పు. గుణకారాన్ని 128 బిట్లలో చేయించి చూడమనండి, అప్పుడు అదీ మీ పైథాన్‌లాగే "అవును" అంటుంది.