నంబరు ఇచ్చింది చీరల షాపుకి, ఫోన్లు ప్లాట్ల వాళ్ళ నుంచి

ప్రశ్న: ద్వారకానగర్‌లో ఒక చీరల షాపులో బిల్లు వేస్తూ ఫోన్ నంబరు తీసుకున్నారు. వారం తిరక్కుండానే ప్లాట్లు, లోన్లు అంటూ ఒకటే ఫోన్లు. కొత్త డేటా చట్టం వీళ్ళని ఆపదా?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: దాన్ని నమ్ముకుని కూర్చోకండి. డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది. నిబంధనలు వచ్చేసరికి 2025 నవంబరు అయింది. అప్పటి నోటిఫికేషన్ ప్రకారం కంపెనీలను కట్టడి చేసే సెక్షన్లకు 18 నెలల గడువిచ్చారు, అంటే 2027 మే. ఆ తర్వాతైనా, 250 కోట్ల వరకూ వేస్తామంటున్న జరిమానా ప్రభుత్వ ఖజానాకే పోతుంది, మీ చేతికి పైసా రాదు. పైగా ఐటీ చట్టంలో బాధితులకు పరిహారం ఇప్పించే 43ఎ సెక్షన్‌ను ఈ చట్టమే తీసేస్తోంది. మాకు ఏమాత్రం మింగుడుపడని సంగతి ఇది.

మీకు పనికొచ్చేది 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం. నమ్మి చెప్పిన సొంత వివరాలను షాపువాళ్ళు ఇంకొకరికి ఇస్తే, సెక్షన్ 2(47) ప్రకారం అది అనుచిత వ్యాపార పద్ధతి. దానికి పరిహారం అడగొచ్చు. ముందు షాపుకి ఈమెయిల్ గానీ రిజిస్టర్డ్ పోస్టు గానీ పంపండి: నా నంబరు ఎవరికిచ్చారు, ఎవరి అనుమతితో ఇచ్చారు, ఎప్పటిలోగా చెరిపేస్తారు. పదిహేను రోజులు చూసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చెయ్యండి. అక్కడా తేలకపోతే విశాఖ జిల్లా వినియోగదారుల కమిషన్. కొన్న సరుకు విలువ 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. రెండేళ్ళలోపు వెయ్యాలి.

కేసు వీగిపోయేది రుజువు దగ్గరే. మీ నంబరు గ్యాస్ ఏజెన్సీలో ఉంది, కొరియర్ వాడి దగ్గర ఉంది, ఆస్పత్రిలో ఉంది. ఇదే షాపు నుంచి పోయిందని ఎలా చూపిస్తారు? ఇకనుంచి ఒక్కోచోట ఇంటిపేరు అక్షరం మార్చి చెప్పండి. ఒక షాపులో లక్ష్మి డి, ఇంకో షాపులో లక్ష్మి ఎం, ఏ షాపుకి ఏది చెప్పారో బిల్లు వెనక రాసుకోండి. ఫోన్ చేసినవాడు ఏ పేరుతో పిలిచాడో చూస్తే ఎక్కడినుంచి జారిందో తెలిసిపోతుంది. ఆ కాల్ రికార్డు చేసి బిల్లుతో కలిపి దాచండి.

ఫోన్ల బెడదకి వేరే నంబరుంది, అక్కర్లేని ప్రచార కాల్స్ మీద ఫిర్యాదు తీసుకునే 1909. కాల్ వచ్చిన 7 రోజుల్లోపే తేదీ, నంబరుతో ఫిర్యాదు చెయ్యాలి, ఆలస్యమైతే ఫిర్యాదుగా లెక్కలోకి తీసుకోరు.

అసలు బిల్లుకి నంబరు ఇచ్చితీరాలన్న రూలే లేదు. నంబరు కోసం బలవంతపెట్టొద్దని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మేలోనే షాపులకు చెప్పింది. "నంబరు లేకుండా వెయ్యండి" అని గట్టిగా అడగండి.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వచ్చినవాళ్ళ పేరు, నంబరు పుస్తకంలో రాయిస్తున్నారు. దీనికీ ఆ కొత్త డేటా చట్టం వర్తిస్తుందా?
– ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ

జవాబు: కాగితం మీదే ఉన్నంతకాలం వర్తించదు. కంప్యూటర్లోకో యాప్‌లోకో ఎక్కించిన రోజునుంచి అది డిజిటల్ డేటా కిందికొస్తుంది. చట్టం సంగతి ఎలా ఉన్నా, ఆ పుస్తకం తిరగేసి ఫోటో తీసుకోవడం ఎవరికైనా నిమిషం పని. ఒక్కొక్కరికి ఒక్కో చీటీ ఇచ్చి, నిండినవి తాళమున్న పెట్టెలో వేసి, నెలకోసారి చింపేయమని అసోసియేషన్‌కి చెప్పండి. ఆధార్ కాపీ మాత్రం గేటు దగ్గర ఎవరికీ ఇవ్వకండి. తప్పదంటే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ చూపించండి.